మిగిలింది అమ్మది

జగ్గయ్యపేట బజారులో మాది కిరాణా కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. సరుకులు అమ్మేవాళ్ళ ఇంట్లో ఉప్పూ పప్పూ ఊరికే వస్తాయని నా స్నేహితురాళ్ళు అనుకునేవారు. మా ఇంట్లో అలాంటి భాగ్యమేమీ లేదు. మా అమ్మ మా కొట్లోనే డబ్బిచ్చి సరుకులు కొనేది.

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే నాన్న ఇంటి ఖర్చు డబ్బు అమ్మ చేతిలో పెట్టి కొట్టు తెరవడానికి కిందకి దిగేవారు. కాసేపటికి అమ్మ గుడ్డ సంచులు తీసుకుని దిగేది. మెట్ల దగ్గర నుంచి కొట్లోకి నేరుగా తలుపున్నా అటు నుంచి వచ్చేది కాదు. వీధిలోకి వెళ్ళి, చుట్టూ తిరిగి, కొనేవాళ్ళు నిలబడే చోటే నిలబడి కందిపప్పు ఎంతని అడిగేది. నాన్న చెప్పేవారు. అదేం ధరండీ అని అమ్మ మూతి విరిచేది. అరగంట కిందట ఒకే వంటింట్లో కాఫీ తాగిన మనుషులు కాటాకి చెరో పక్కా నిలబడి గీచి గీచి బేరమాడుకుంటుంటే బజారులో అందరికీ అదొక వేడుక. ఆ నెలకి మా కొట్టు మొదటి బేరం అమ్మదే. పొద్దున తానిచ్చిన నోట్లనే నాన్న మళ్ళీ తీసుకుని, బోణీ డబ్బని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేవారు.

నాకది శుద్ధ దండగ పనిలా కనిపించేది. డబ్బు మెట్లెక్కడమెందుకు, మళ్ళీ దిగడమెందుకు? ఒకసారి నాన్ననే అడిగాను. కొట్టు వేరు, ఇల్లు వేరు, ఇంటి కోసం గల్లాలో చెయ్యి పెట్టడం మొదలైతే ఏది లాభమో ఏది తిండో తెలియకుండా పోతుందని చెప్పారు. అది సగం సంగతే. మిగతా సగం నాకు చాలా ఏళ్ళకి గాని తలకెక్కలేదు. మెట్లెక్కిన డబ్బంతా కిందకి దిగేది కాదు. నెలాఖరుకి ఎంత మిగిలితే అంతా అమ్మది. ఎంత మిగిలిందో, ఏం చేసిందో నాన్న ఒక్కసారి కూడా అడిగి ఎరగరు.

అందుకే అమ్మ పొదుపు చూసి తీరాల్సిందే. బీరకాయలు తెస్తే కాయ కూరయ్యేది, తొక్కు పచ్చడయ్యేది. చింతపండు పిప్పి రాగి చెంబులు తోమడానికి వెళ్ళేది. పప్పు నానబెట్టకుండా పొయ్యి మీద పెడితే నాకు చీవాట్లు తప్పేవి కాదు. అలాగని కడుపు మాడ్చే మనిషి కాదు. వత్సవాయి నుంచి బస్సులో సరుకులకొచ్చిన రైతుల ఆడవాళ్ళని ఎండవేళ పైకి పిలిచి మజ్జిగిచ్చేది, మాట్లాడుతూ మాట్లాడుతూ అన్నమూ పెట్టేది. మిగిలిన డబ్బుతో ఏం చేసేదో చెప్పలేం. ఒక నెల స్టీలు డబ్బాలు కొనేది. ఇంకో నెల మా పిన్ని కూతురికి పరికిణీ కుట్టించేది. ఒకసారైతే గాజులబండి అతన్ని ఆపి మా వీధిలో ఆడపిల్లలందరికీ గాజులు తొడిగించింది. నాన్న కొట్లోంచి తొంగిచూసి, ఇవాళ ఏం పండగని అడిగారు. ఊరికేనండి అంది అమ్మ. అక్కడితో సరి.

నేను పెళ్ళయి నందిగామ వచ్చాను. మా ఆయన వీరులపాడు దగ్గర బడిలో టీచరు, నేను ఇక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఇంటి బడ్జెట్ అంతా నా ఫోన్‌లో ఉంటుంది. పాలకింత, కూరలకింత, పెట్రోలుకింత. మా ఆయన కూరల సంచితో గుమ్మంలో అడుగుపెట్టగానే, కాళ్ళు కడుక్కోమని కూడా అనకుండా, ఎంతయిందని అడుగుతాను. పెళ్ళిలో మంగళసూత్రం కట్టగానే నువ్వు నన్ను అడిగిన మొదటి మాట కూడా అదేనని ఆయన ఏడిపిస్తారు. ఆయన టీ తాగిన డబ్బు కూడా నా లెక్కలో ఉండేది. ఇల్లు ఇంత పద్ధతిగా నడిపేవాళ్ళు మా వీధిలో ఇంకెవరూ లేరని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

నాన్నకి మోకాళ్ళు అరిగి కొట్టు తమ్ముడి చేతికొచ్చింది. వాడు అద్దాల తలుపులు పెట్టించాడు, బిల్లుకి కంప్యూటర్ తెచ్చాడు. మంచివాడు. అమ్మంటే ప్రాణం. ఆ ప్రేమలోనే తప్పులో కాలేశాడు. కొత్త కొట్టు మొదలైన నెల, అమ్మ ఎప్పటిలాగే సంచులతో వీధి వైపు నుంచి వచ్చి నిలబడితే వాడు నవ్వి, మన కొట్లో మనకి బిల్లేంటమ్మా, ఏం కావాలో చెబితే పైకి పంపిస్తానన్నాడు. ఇంటి ఖర్చు డబ్బివ్వడం అక్కడితో ఆగిపోయింది. చేతిఖర్చుకి అమ్మ ఫోన్‌ని తన బ్యాంకు ఖాతాకి కలిపి, స్కాన్ చేసి డబ్బు పంపడం నేర్పించాడు. అమ్మ పువ్వులు కొన్నా సరే వాడి ఫోన్‌కి మెసేజ్ వచ్చేది. అన్నం తింటూ, నిన్న మూడొందలు ఎవరికి కొట్టావమ్మా అని అడిగేవాడు. వాడి మనసులో ఏమీ లేదు. ఊసుపోక అడిగేవాడంతే.

అలా కొన్నాళ్ళు గడిచాయి. తర్వాత ఒక ఒకటో తారీఖు పొద్దున సంచులు తీసుకుని మెట్లు దిగింది. మా కొట్టు ముందు నుంచే నడిచి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న కిరాణా కొట్లోకి వెళ్ళి నెల సరుకులన్నీ బేరమాడి కొనుక్కుని వచ్చింది.

ఇక చూడండి బజారు సంగతి. అమ్మకీ మా మరదలికీ పడటం లేదని కొందరు, కొడుకు అమ్మే సరుకు తల్లే తినడం లేదంటే అందులో ఏముందోనని ఇంకొందరు. ఏళ్ళ తరబడి మా దగ్గరే కొంటున్న పెద్దాయన కందిపప్పు అరచేతిలో పోసుకుని వాసన చూశాడట. ఎదురుకొట్టాయనే ఇబ్బంది పడిపోయి, పెద్దావిడని కాదనలేకపోయానని మావాడికి వచ్చి చెప్పుకున్నాడట. తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. అమ్మ తనకి కారణం చెప్పడం లేదని, కనీసం నాకైనా చెబుతుందేమో రమ్మన్నాడు.

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వాడు నిన్ను ఇంత బాగా చూసుకుంటుంటే ఇదేం పనని నేను మొదలుపెట్టాను. అమ్మ నన్ను మొత్తం చెప్పనిచ్చింది.

"వాడు బానే చూసుకుంటున్నాడే, నేను కాదన్లా" అంది. "కానీ వాడి దగ్గర తెచ్చుకుంటే నాకు పెడుతున్నట్టుంటది. ఎదురుకొట్లో నేను కొనుక్కుంటున్నా."

తేడా ఏముందన్నాను.

"అన్నీ ఊరికే వస్తే అందులో ఏం మిగులుద్దే నాకు?"

అప్పుడు మెల్లగా అసలు సంగతి చెప్పింది. మా పిన్నినీ పక్కింటావిడనీ పరిటాల ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్ళి, అటు నుంచి బెజవాడలో మంచి హోటల్లో భోజనం పెట్టించాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటోందట. నాన్న ఇచ్చే రోజుల్లో మిగిల్చిన డబ్బు అందుకే దాచింది. ఆ సంగతి తెలిసి తమ్ముడు, నా కారులో వెళ్ళండి, ఖర్చంతా నాదేనన్నాడట. అలా వెళ్తే వాడు పంపినట్టవుతుంది గాని నేను తీసుకెళ్ళినట్టెలా అవుతుందని అడిగింది అమ్మ. ఎదురుకొట్లో కొన్నది ఆ దాచిన డబ్బుతోనే. ఇంకో రెండు నెలలైతే అదీ అయిపోతుంది. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చాక మా అమ్మకి తన చేత్తో ఒక్క రూపాయి ఖర్చు పెట్టుకునే దారి లేకుండా చేశామా అని.

కిందకి దిగి తమ్ముడికి చెప్పాను. వాడు బిత్తరపోయాడు. డబ్బు కావాలంటే అడగొచ్చుగా, నేనెప్పుడైనా లేదన్నానా అన్నాడు. మూల కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళూ ఈ విషయంలో నోరు మెదపని నాన్న అప్పుడు మాట్లాడారు.

"అడగాల్సిన పని లేకుండానేరా నేనిచ్చింది."

నెలనెలా ఎంతిచ్చేవారని తమ్ముడు అడిగాడు.

ఆ తర్వాతి ఒకటో తారీఖుకి నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ఆ వేడుక చూడకపోతే ఎలా? తమ్ముడు పొద్దున్నే పైకొచ్చి ఇంటి ఖర్చు నోట్లు అమ్మ చేతిలో పెట్టి దిగాడు. అమ్మ కాఫీ తాగి, చీర సర్దుకుని, సంచులు తీసుకుని, వీధి వైపు నుంచి వచ్చి అద్దాల తలుపు తోసింది. కందిపప్పు ధర అడిగి, ఎదురుకొట్లో రెండు రూపాయలు తక్కువని చెప్పింది. కంప్యూటర్లో ఉన్న రేటు మారదమ్మా అన్నాడు తమ్ముడు. అయితే సంచి ఇటివ్వమని అమ్మ రోడ్డు వైపు తిరిగింది. కంప్యూటర్లో రేటు మారింది. నాన్న కుర్చీలో కూర్చుని దగ్గొచ్చేదాకా నవ్వారు. తమ్ముడు ఆ నోట్లు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు. బజారులో వాళ్ళంతా చూశారు కాబట్టి పప్పు మీద అనుమానం కూడా ఆ పూటతో పోయింది.

చలికాలం వచ్చేసరికి అమ్మ కారు మాట్లాడింది. పిన్నినీ పక్కింటావిడనీ ఎక్కించుకుని, దారిలో నందిగామలో నన్నూ ఎక్కించుకుంది. తను మాత్రం ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. పరిటాలలో అంత ఎత్తు విగ్రహం కదా, స్వామిని చూడటానికి అందరం మెడలు నొప్పిపుట్టేలా తలలెత్తాం. అందరి కొబ్బరికాయలూ అమ్మే కొంది. బెజవాడ హోటల్లో, ఏం కావాలో మొహమాటపడకుండా చెప్పండని అందరినీ పేరుపేరునా అడిగింది. పిన్ని ఐస్‌క్రీమ్ రెండోసారి తెప్పించుకుంది. అమ్మ ఎక్కువగా తినలేదు, మేం తింటుంటే చూస్తూ కూర్చుంది.

బిల్లు వచ్చింది. అలవాటు కొద్దీ నా చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, తన చిన్న పర్సు తీసి, మడత పెట్టిన నోట్లు ఒక్కొక్కటీ విప్పి బిల్లు పెట్టిన ఆ పుస్తకంలాంటి అట్టలో పెట్టి మూసింది. ఎంతయిందమ్మా అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది.

నేను అడగలేదు.