నాకు లేని థైరాయిడ్

మా చర్చి సంఘం వాళ్ళు నెలల తరబడి నా థైరాయిడ్ గురించి ప్రార్థన చేశారు. అది నాకు లేదు.

నాకున్నది డిప్రెషన్. బడిలో పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అమలాపురంలో డాక్టరుగారు జబ్బు పేరు చెప్పి మాత్రలు రాశారు. తిరిగొచ్చే ఆటోలోనే మా అత్తగారు దానికి ఇంకో పేరు పెట్టేశారు.

"ఎవరడిగినా థైరాయిడ్ అని చెప్పమ్మా. అదైతే ఎవరూ ఏవీ అనుకోరు."

నిజమే, థైరాయిడ్ మర్యాదస్తుల జబ్బు. మా వీధిలో ఇంటికొకరికి ఉంది. "థైరాయిడాండీ?" అని అడిగినవాళ్ళందరికీ అత్తగారు "ఆయ్" అని ఊరుకునేవారు.

కోనసీమలో ఒంట్లో బాగోలేదని తెలిస్తే జనం మనల్ని ఒంటరిగా వదలరు. అంబాజీపేట నుంచి మా పెద్దత్తగారు ఆటోనిండా కొబ్బరి బొండాలు వేసుకొచ్చారు. వచ్చినవాళ్ళని కాఫీ ఇవ్వకుండా పంపడం మా వైపు మహాపాపం కాబట్టి, నేనే లేచి కలిపేదాన్ని. దిగులు పడదామన్నా తీరిక ఉండేది కాదు.

ఈ జబ్బుకి మనవాళ్ళు పెట్టినన్ని పేర్లు పిల్లలకి కూడా పెట్టి ఉండరు. మా అమ్మమ్మ చిన్నతనంలో గాలి సోకిందని తాయెత్తు కట్టేవారట. మావాళ్ళు సంఘంలో చేరాక ఆ గాలే దురాత్మ అయింది, తాయెత్తు తీసేసి ఉపవాస ప్రార్థన పెట్టారు. మా అమ్మ నాటికి అది నరాల బలహీనత, మందేమో బలానికి ఇంజెక్షను. మగవాళ్ళకొస్తే గ్యాస్. నాకొచ్చేసరికి థైరాయిడ్.

మాత్రలు పనిచేశాయి. ఒకరోజు పులుసులో ఉప్పు తక్కువైందని నాకు చిరాకేసింది. చాలాకాలానికి వచ్చిన ఆ చిరాకుకి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నేను తేరుకున్న సంగతి పాస్టరుగారి దాకా వెళ్ళింది. "వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా" అన్నారాయన. స్వస్థత పొందినవాళ్ళు మైకు ముందు నిలబడి, తమకు ఎలా తగ్గిందో అందరికీ చెప్పడం మా ఆనవాయితీ.

నాకు ఒళ్ళు మండింది. పక్కింటివాళ్ళతో అబద్ధమాడటం వేరు, దేవుడి సన్నిధిలో లేని థైరాయిడ్ తగ్గిందని చెప్పడం వేరు. పైగా ఒక్కసారి అలా చెప్పానంటే, ఇక ఎప్పటికీ మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుని దొంగతనంగా మింగాల్సిందే.

"ఉన్నమాట చెప్పేస్తానండీ" అన్నాను అత్తగారితో.

ఆవిడ కొబ్బరి కోరుతూ తలెత్తలేదు. "ఊరి సంగతి నీకు తెలీదమ్మా. పిచ్చిదని ఓసారి పేరు పడితే మరి పోదు."

ఆదివారం మైకు అందుకున్నాను. "నాకు..." అన్నాను. తర్వాతి మాటకి బదులు మైకు తీగ సర్దుతూ నిలబడ్డాను. ఇంట్లో ఉన్న ధైర్యం అక్కడ లేదు. ముందు వరసలోంచి పాస్టరమ్మగారు, పాపం, "థైరాయిడ్" అని అందించారు కూడా.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా అత్తగారు లేచారు.

"మా కోడలికి థైరాయిడ్ లేదండి. నేనే అలా చెప్పించేను. మనసు బాగోలేదు. డాక్టరుగారు మాత్రలిచ్చేరు, ఏసుకుంటంది."

కూర్చుంటారనుకున్నాను. కూర్చోలేదు.

"నాకూ వచ్చిందండి ఇది, మా పెద్దోడు పుట్టినప్పుడు. దెయ్యం పట్టిందని మిరపకాయల పొగ పెట్టేరు. పిల్లోణ్ణి నా దగ్గరకి రానిచ్చేవారు కాదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మాట నేను వినలేదు. మగవాళ్ళ వైపు కూర్చున్న ఆ పెద్దోడు, అంటే మా ఆయనా, వినలేదు. ఆయన ముఖం చూడలేక నేను కిందకి చూశాను. నాకు ఏడుపొచ్చింది.

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. పాస్టరుగారే నెమ్మదిగా అడిగారు.

"మరి మీకు ఎప్పటికి తగ్గిందమ్మా?"

"ఏమోనండి" అన్నారావిడ, కొంగు సర్దుకుని కూర్చుంటూ. "తగ్గిందా అని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."