ముందు ఇరుసు అతుకు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న రేకుల షెడ్డులో జ్ఞానశేఖర్ నాలుగేళ్లుగా ఒక బ్యాటరీ బండి కడుతున్నాడు. మోకాళ్లు పట్టేసి గడప దాటలేకపోతున్న భార్య ఆరోగ్యమ్మను అందులో ఎక్కించుకుని ఊరంతా తిప్పాలని ఆయన కోరిక. రోజూ మధ్యాహ్నం అన్నం తిని వస్తాడు, చొక్కా విప్పి మేకుకు తగిలిస్తాడు, నిన్న తను వేసిన వెల్డింగు మీద కళ్లు మూసుకుని బొటనవేలు నడుపుతాడు. ఓడల రిపేరు యార్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన వేలు అది. ఆయన వేసిన అతుకు చేప పొలుసుల్లా వరుసగా ఉంటుందని, చూడగానే ఎవరి పనో తెలిసిపోతుందని యార్డులో అనేవారు. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది. ఇప్పుడు ఆ వేలికి గడ్డలూ గుంతలూ తగులుతున్నాయి. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

మొన్న శనివారం బండిని మొదటిసారి నేల మీదికి దించారు. యార్డులో ఆయనతో కలిసి పనిచేసిన శ్రీరామ్మూర్తి సాయానికి వచ్చి, సరదాగా సీటెక్కి కూర్చున్నాడు. ముందు ఇరుసు దగ్గర అతుకు టప్పున విడిపోయి బండి ముక్కు నేలకానింది. శ్రీరామ్మూర్తి మెల్లగా దిగి, వంగి, విడిపోయిన చోటును చాలాసేపు చూశాడు.

"ఎవుడేసాడు బావా ఇది?"

"పెందుర్తి నుంచి ఒకడొచ్చాడు. నాకు కాళీ లేక ఆడికిచ్చాను."

శ్రీరామ్మూర్తి ఆయన మొహంలోకి చూడలేదు. "ఆడి సేత ఇంకేయించకు బావా. మా సెల్లి కూకునే బండి కదా ఇది."

"ఏయించనులే," అన్నాడు జ్ఞానశేఖర్. తీగను చుట్టచుట్టి, తను వెల్డింగు చేసే హోల్డరును అడక్కుండానే అతని చేతుల్లో పెట్టాడు.