నేల తట్టి గద్వాల చూసిన సంగతి

సముద్రాల అవతల ఎక్కడో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ మా ఇళ్లలో గింజలు మాయమయ్యే కాలం అది. పండిన పంటలో ఇంత అని సర్కారు లెవీ కింద కొలిపించుకుపోయేది. మిగిలినది జనం నేలకింద పాతరల్లో దాచుకునేవారు. అటువంటి రోజుల్లో నాకు గద్వాలలో ఒక పల్లీనూనె మిల్లులో గుమాస్తా పని దొరికింది. మా బల్మూరు నుంచి బయలుదేరుతుంటే మా బావ నా ఎదురుగానే మా అక్కతో అన్నాడు: "వీని పక్కబట్టలు లోపల పెట్టకే. నాలుగొద్దులల్ల మల్ల వస్తడు." అక్క నవ్వింది. (బావ అన్నందుకు కాదు, అక్క నవ్వినందుకే నాకు కోపం. ఆమె పోయి చాలా ఏళ్లయింది. కోపం మాత్రం ఇంకా ఆరోగ్యంగానే ఉంది.)

గద్వాలలో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. మిల్లులో "ఓ బల్మూరూ, గా బస్తా తూకం రాసుకున్నవా?" అనేవారు, రైలు పార్సిలు మీది ఊరిపేరు చదివినట్టు. పూటకూళ్లమ్మ నాకు చారు పోసేటప్పుడు కూడా గోడవంకే చూసేది. సాయంత్రాలు గదిలో ఒక్కణ్ణే కూర్చుని పక్కింటివాళ్ల మాటలు వినేవాణ్ణి. వాళ్ల గేదె ఈనలేక పడుతున్న అవస్థ, వాళ్ల అల్లుడి అలక, అన్నీ నాకు తెలుసు. నేనొకణ్ణి ఉన్నానని మాత్రం వాళ్లకు తెలియదు. ఉండబట్టలేక ఒకరోజు "గేదె ఎట్లుంది?" అని అడిగితే ఆ ఇంటాయన నన్ను ఎగాదిగా చూసి, గేదెను ఇంకో గుంజకు మార్చుకున్నాడు. దిష్టి పెడతాననుకున్నాడు కాబోలు. ఆదివారం సాయంత్రం బండెక్కి వెళ్లిపోదామని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. కానీ వెళితే బావ గెలుస్తాడు. అందుకని ఈలోగా ఈ ఊళ్లో ఒక్క మనిషైనా పరిచయమైతే ఉండిపోదామని నాకు నేనే ఒక గడువు ఇచ్చుకున్నాను.

మనుషులు పరిచయం కాకపోతే ముందు ఊరైనా పరిచయం కావాలి కదా. స్టేషను దగ్గర పూజాసామాన్ల దుకాణంలో, యాత్రికుల కోసమని ఎవరో పండితుడు రాసి అచ్చేయించిన గద్వాల పరిచయ గ్రంథం ఒకటి దొరికింది. పల్చటి పుస్తకమే, భాష మాత్రం బరువు. "బాటసారి కోట వెలుపల కొంతదూరము నడచి, పిమ్మట మరికొంతదూరము నడువవలెను" అని ఉండేది. ఎవరికి కొంత? పండితుడికి కొంత నాకు రెండు మైళ్లయింది. అయినా పట్టు వదల్లేదు. మిల్లు మూయగానే పుస్తకం చేతపట్టుకుని పేజీ ప్రకారం తిరిగేవాణ్ణి. దూలాల మీది నగిషీ చూడమంటే ఇళ్లముందు నిలబడి తల పైకెత్తి చూసేవాణ్ణి. గుమ్మాల చెక్కడం చూడమంటే వంగి చూసేవాణ్ణి. ఆ తరవాత కోట పక్క రైతుల వీధి వచ్చింది. "ఈ వీధిక్రింద పూర్వకాలపు ధాన్యపు పాతరలు గలవు. మడమతో తట్టినచో బోలుశబ్దము వినవచ్చును" అని రాసి ఉంది. సరే, వీధి పొడుగునా తట్టాను. మొదటిరోజు సరిగా వినబడలేదని రెండోరోజూ తట్టాను. మూడోరోజు అరుగుల పక్కన కూడా తట్టాను.

పుస్తకంలో లేని విశేషం ఒకటి నేనే కనిపెట్టాను. నేను వస్తుంటే వీధిలో మాటలు ఆగిపోయేవి. అరుగుల మీదివాళ్లు లోపలికి పోయేవారు, తలుపులు ఒకదాని వెంట ఒకటి మూసుకునేవి. ఒక తుర్కాయన బండి కట్టుకుంటూ నన్ను చూసి, "సలాం సాబ్, మేం గరీబోళ్లం సాబ్" అని అడక్కుండానే చెప్పి ఎద్దుల్ని అదిలించాడు. ఇంతమంది కలిసి నన్ను వెలివేయడానికి నేనేం చేశానని రాత్రిళ్లు కుమిలిపోయేవాణ్ణి.

శనివారం సాయంత్రం ఒక పెద్దమ్మ దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. కొంగు నడుముకు బిగించి ఉంది.

"ఏం సారూ, మూడొద్దులసంది తొక్కుతనే ఉన్నవు. లోపలికే రా. నీ కండ్లతోని నువ్వే జూడు."

"నేనేం చూడాలె పెద్దమ్మా?"

"గింజలు! లెవీకే గద వచ్చినవు?"

"నేను లెవీ మనిషిని కాదమ్మా."

"అందరు గట్లనే అంటరు. పోయినేడు వచ్చినోడు గాజులమ్మెటోన్నన్నడు" అంటూ నా రెట్ట పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. గద్వాలలో నేను తొక్కిన మొదటి గడప అదే. ఆమె కుండలన్నీ వరసగా వంచి చూపించింది. చూడకపోతే బాగుండదని అన్నిట్లోకీ తొంగి చూశాను. నులకమంచం మీద పడుకున్న ఆమె పెనిమిటి లేచి, నా చేతిలో పుస్తకం లాక్కుని, కూడబలుక్కుంటూ చదివాడు. "కో-ట-ప్రక్క-వీ-ధి... ఏమే, ఇందుల మన వాడకట్టు గురించే ఉన్నది! ఈ వీధివారు క్రొత్తవారియెడ మిక్కిలి ఆదరము గలవారు... మనమేనే!"

అంతే, నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "అది అబద్ధం!" అన్నాను. ఏ ఇంటివాళ్లు ఏ రోజు తలుపు వేశారో, ఎవరు మొహం తిప్పుకున్నారో, గేదె సంగతితో సహా అంతా ఏకరువు పెట్టాను. పెద్దాయన నోరు తెరుచుకుని విన్నాడు. పెద్దమ్మ మాత్రం వినడం మధ్యలోనే మానేసి అరుగు మీదికి పోయి కేకేసింది.

"ఓ వదినే! ఓ చిన్నమ్మా! లెవీ గాదంట! నూనెమిల్లుల గుమాస్తానంట! బుక్కు చూసుకుంట ఊరు జూస్తుండంట!"

మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. నేను బయటికి వచ్చేసరికి వీధి వీధంతా నామీద పడింది.

"నీ కాళ్లిరగ, ఊరు జూసేటోనివి కండ్లతోని జూడరాదా? కాళ్లతోని జూస్తవా?"

"సప్పుడైతదని మూడొద్దులసంది విసుర్రాయి ముట్టలే! పోరగాండ్లు గుగ్గిళ్లు తినలేక ఏడుస్తున్నరు!"

"మా ఆయన రెండు బస్తాలు బాయికాడికి మోసి నడుం పట్టి పండుకున్నడు. ఇప్పుడెవరు మోసుకొస్తరు, నువ్వు మోస్తవా?"

"మోస్తనమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వినవాళ్లను నేను జన్మలో క్షమించలేదు కానీ, ఆ సాయంత్రం ఎవరెవరు నవ్వారో లెక్కపెట్టుకోవడం మర్చిపోయాను. నేను వెనక్కి తిరిగి నడుస్తుంటే ఇంటింటా విసుర్రాళ్లు మొదలయ్యాయి. పెద్దమ్మ వెనకనుంచి అరిచింది: "రేపు రా, రొట్టె జేస్త!"

ఆదివారం పోతే ఇంటికి తాళం. మొగుడూ పెళ్లాలిద్దరూ చేనికి పోయారట. రమ్మని పిలిచి ఇంట్లో లేకపోవడమేమిటి? ఆ అరుగు మీదే మొండికేసి కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు "వస్తరు, కూసో" అంటూ పోయారు. ఎదురింటావిడ చెంబుడు నీళ్లిచ్చింది. నేనెక్కాల్సిన బండి స్టేషనులో కూతపెట్టి పోయింది. చీకటి పడుతుండగా పెద్దమ్మ నెత్తిన గడ్డిమోపుతో వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది.

"అయ్యో, ఎప్పటిసంది కూసున్నవు బిడ్డా?"

"పొద్దట్నుంచి. రమ్మన్నవు గద" అన్నాను, వీలైనంత నిష్ఠూరంగా.

మోకాళ్లు పట్టేసిన ఈ వయసులో ఆ కుర్రవాడు తలపుకొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. రొట్టె వేడిగా ఉంది, ఆకలి మండిపోతోంది. అయినా పెద్దమ్మ రెండుసార్లు బతిమాలేదాకా ముట్టలేదు వెధవ.