ప్లగ్గు పీకిన మనిషి

మైకు కీచుమందని, చుట్ట చుట్టిన వైరుతో ఓనరు మా బాబాయిని ఎడమ చెవి మీద కొట్టాడు. ఒక కాలేజీ సభలో, మూడొందల మంది ముందు. ముఖ్య అతిథి మైకు పట్టుకుని నేరుగా స్పీకరు బాక్సు ఎదుటికి నడిచాడు. అలా నడిస్తే కీచుమనక ఇంకేమంటుంది? తప్పు అతిథిది, దెబ్బ బాబాయిది. కర్ణభేరి చిట్లి మెడ మీదికి నెత్తురు కారింది. అతిథి ఉపన్యాసం ఆపలేదు. అంశం పొదుపు.

బాబాయంటే మా పిన్ని భర్త. సౌండు సెట్లు, లైట్లు అద్దెకిచ్చే షాపులో ఇరవై రెండేళ్లు ఆపరేటరుగా చేశాడు. రోజంతా మైకులో 'హలో, హలో' అంటాడని ఊరంతా హలో అనే పిలిచేవారు. కోపమొస్తే పిన్ని కూడా "హలోగారు భోంచేస్తారా?" అని అడిగేది.

ఎడమ చెవి ఇక వినపడదన్నాడు డాక్టరు. పెద్ద చప్పుళ్లకి దూరంగా ఉండకపోతే కుడిదీ పోతుందన్నాడు. ఇంకో పని చేతకాని మనిషి ఎంత దూరం పోతాడు? కుడి చెవిలో దూది కుక్కుకుని, చచ్చిన చెవిని బాక్సులవైపు తిప్పి కూర్చునేవాడు. బాక్సు సరిగ్గా మోగుతోందో లేదో దాని మీద అరచెయ్యి ఆనించి చెప్పేవాడు.

సాధువేం కాదు. పక్కనే హారన్ మోగించాడని ఒకడి బండిని కాలితో తన్ని పడేశాడు. వాడు లేచి ఈయన పెదవి చీల్చాడు. మర్నాడు పిన్ని గిన్నె జారవిడిస్తే అదే గిన్నె గోడకేసి కొట్టాడు. ఆ చొట్ట గిన్నెలోనే ఆమె వారం రోజులు కూర వండి, ఆయన కంచం పక్కన పెట్టింది.

ఒకరోజు నేను టికెట్లు చింపే హాలు గోడ మీద పోస్టరు పడింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి కచేరీ, కింద ఎర్ర అక్షరాల్లో 'అన్‌ప్లగ్డ్'. అంటే ఏమిట్రా అని బాబాయి నన్నడిగాడు. మా ఇంట్లో పుస్తకాలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ తూకానికి కొన్నవి. అట్ట ఊడిన నిఘంటువు తిరగేసి, ప్లగ్గు తీసేసినది అని చెప్పాను.

"అంటే బాక్సులుండవా?"

ఉండవన్నాను. రూఢిగా చెప్పాను. చదివినవాడి ధీమా అది.

ఆ రోజు లైట్ల పని తానే చూస్తానని ఓనరుని అడిగి మరీ వెళ్లాడు. దూది లేకుండా ఒక్క పాట విని ఎనిమిదేళ్లయిందట. గుమ్మంలో టికెట్లు చింపుతున్న నాకు చూపించి, చెవిలో దూది తీసి కాలవలో పారేశాడు.

లోపల చెక్క గిటార్లున్నాయి, మీద కూర్చుని వాయించే చెక్కపెట్టె ఉంది. షాపు మోతకూలీలు ముందే తెచ్చి పెట్టిన బాక్సులూ అటు నాలుగు, ఇటు నాలుగు ఉన్నాయి. బాబాయి వెళ్లి గిటారు వాయించేవాణ్ణి అడిగాడు. మంచివాడే, నవ్వుతూ చెప్పాడు: "అన్‌ప్లగ్డ్ అంటే కరెంటు గిటార్లు ఉండవని, బాబాయ్. మైకులు మామూలే. అవి లేకపోతే వెనక కుర్చీలకి నా దగ్గు కూడా వినపడదు."

బాబాయి నావైపు చూశాడు. నేను టికెట్లు చింపుతూ ఉండిపోయాను.

మొదటి పాట భరించాడు. రెండోదానికి వెనకవాళ్లు పెంచమన్నారు. సౌండు దగ్గర కూర్చున్న ఓనరు పెంచాడు. బాబాయి కుడి చెవిని అరచేత్తో మూసుకుని, తగ్గించమని సైగ చేశాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడికి నొప్పేమిటి?" అని ఓనరు ఇంకాస్త పెంచాడు. మోతకూలీలిద్దరూ నవ్వారు.

బాబాయి గోడ దగ్గరికి నడిచి మెయిన్ ప్లగ్గు పీకేశాడు.

గిటారువాడు ఆపలేదు. తీగ చప్పుడు, తీగ మీద వేలు జారే చప్పుడు గుమ్మం దాకా సన్నగా వచ్చాయి. బాబాయి చెయ్యి తీసి తల అటు వంచాడు. అంతలో వెనక నుంచి ఈలలు, కాళ్లతో నేల తన్నడం, ఒక సీసా వచ్చి స్టేజీ మీద పగలడం. ఓనరు పరుగున వచ్చి కొట్టాడు. చెంప మీద కాదు, కుడి చెవి మీద. బాబాయి వాడి మణికట్టు కొరికి పట్టుకుని వదల్లేదు. మోతకూలీలు కడుపులో తన్ని విడిపించారు. నేను కుర్చీలు దాటుకుని వెళ్లేసరికి నేల మీదున్నాడు, నోట్లో నెత్తురు. అందులో ఓనరుది ఎంతో, తనది ఎంతో తెలియలేదు.

కుడి చెవీ పోయింది.

ఇప్పుడు రేకులు సాగగొట్టే షెడ్డులో పనిచేస్తున్నాడు. ఆ మోతలో చెవులున్నవాళ్లెవరూ ఏడాదికి మించి ఉండరు. వీడు కలకాలం ఉంటాడని మేస్త్రీ మురిసిపోతున్నాడు. మొన్న వెళ్లాను. ఒక రేకు మీద సుద్దముక్కతో రాశాను: 'నేను చెప్పిన అర్థం తప్పు. నీకు ముందే తెలిసుంటే దూది తీసేవాడివి కాదు.' చదివి మోచేత్తో తుడిచేశాడు. ఓనరు చెవులు రెండూ బాగానే పనిచేస్తున్నాయా అని అడిగాడు. తన గొంతు తనకి వినపడదు కదా, షెడ్డంతా తిరిగి చూసేంత గట్టిగా అడిగాడు. తలూపాను.

"పనిచెయ్యనీ," అన్నాడు సుత్తి అందుకుంటూ. "నేనొచ్చేటప్పుడు నా అడుగుల చప్పుడు వాడికి వినపడాలి."