బదులు బాబాయి, రెండు బస్సులు

బదులు బాబాయికి ఇచ్చిన వస్తువు తిరిగి రాదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. తప్పకుండా తిరిగొస్తుంది. తుడిచి, దుమ్ము దులిపి, మనం ఇచ్చినప్పటికన్నా శుభ్రంగా తిరిగొస్తుంది. కాకపోతే ఇచ్చినవాళ్ళకి రాదు, ఇంకెవరికో వెళ్తుంది.

ఈ సంగతి మేనేజరమ్మకి టూరు మొదలైన రోజే తెలిసొచ్చింది. బస్సెక్కి కూర్చుని ఆవిడ ఫోను ఛార్జరు బయటికి తీసిందో లేదో, పక్క సీట్లోంచి ఒక చెయ్యి చాచుకుని వచ్చింది. ఆ చేతి వెనకాల గళ్ళ చొక్కా, నెరిసిన మీసం, పసిపిల్లాడి నవ్వు ఉన్నాయి.

“అమ్మాయ్, అది కాస్త బదులిస్తావా? చిటికెలో ఇచ్చేస్తా.”

ఇచ్చింది. మధ్యాహ్నం భోజనాల దాకా చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

“బాబాయ్, నా ఛార్జరు?”

“ఎప్పుడో ఇచ్చేశానుగా!”

“నాకా?”

“నువ్వు పనిలో ఉన్నావు కదమ్మా, కదిలించడం ఎందుకని చిన్నబస్సులో బేస్ గిటారు వాయించే కుర్రాడికిచ్చా. బుద్ధిమంతుడు. జాగ్రత్తగా చూసుకుంటాడు.”

“నా ఛార్జర్ని అతనెందుకు చూసుకోవాలి?”

“ఎవరో ఒకరు చూసుకోవాలి కదా,” అని బాబాయి అవతలి టేబులు మీది చెంచా బదులడగడానికి లేచాడు.

టూరంటే పాప టూరు. పేపర్లలో ఆవిడకి పెద్ద పెద్ద బిరుదులున్నాయి గానీ, ఎదురుగా ఉంటే అందరూ మేడమ్ అంటారు, అటు తిరిగితే పాప అంటారు. ఊరూరా వెళ్ళి వేలమంది ముందు పాడుతుంది. పెద్దబస్సులో ఆవిడ బ్యాండు. పాప స్టేజీ ఎక్కేముందు కాసేపు వాయించే ఇంకో బ్యాండుది చిన్నబస్సు. బదులు బాబాయి పెద్దబస్సులో కీబోర్డు వాయిస్తాడు. ఆయన వేళ్ళకి వంక పెట్టగలవాడు ఇంకా పుట్టలేదు. ఆయన చేతికి మాత్రం ఎంతమందైనా వంకలు పెట్టేవారు.

రెండు బస్సులకీ ఉప్పూ నిప్పూ. దానికో కథ ఉంది. చిన్నబస్సు బ్యాండుని పెట్టింది ఒక అన్నా చెల్లెలూ. ఇంట్లో వంటగది పక్క గదిలో అన్న ఖాళీ డబ్బాలు కొడుతుంటే చెల్లెలు పాడేది. అలా మొదలైన బ్యాండు. తీరా పేరు రాబోతున్న సమయానికి పాప బ్యాండులో డ్రమ్మరు కావాల్సి వచ్చింది. అన్న చెప్పాపెట్టకుండా వెళ్ళి చేరిపోయాడు. చెల్లెలికి ఆ విషయం గోడమీద పోస్టరు చూస్తే తెలిసింది. ఆ తర్వాత ఆ పిల్ల పాటలు విని ముచ్చటపడి, పాపే వాళ్ళని టూరుకి పిలిచింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే స్టేజీ మీద, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా తిరుగుతున్నారు. అన్నని బట్టి పెద్దబస్సంతా, చెల్లెల్ని బట్టి చిన్నబస్సంతా మూతి ముడుచుకుంది.

మధ్యలో నలిగింది మేనేజరమ్మ.

“మేడమ్, వాళ్ళ వైర్లు తీసుకోమని వాళ్ళకి చెప్పండి. కాళ్ళకి తగుల్తున్నాయి,” అనేవాడు అన్న. వాళ్ళు రెండడుగుల అవతలే నిలబడి ఉండేవాళ్ళు.

“కళ్ళు నేలమీద పెట్టుకుని నడవమని ఆయనకి చెప్పండి మేడమ్,” అనేది చెల్లెలు.

మేనేజరమ్మ చెప్పేది. ఆవిడకిది మొదటి టూరు. బ్యాంకులో కుర్చీ ఉద్యోగం వదులుకుని వచ్చింది. వస్తుంటే వాళ్ళక్క, “గిటార్లు మోసేవాళ్ళ వెంట ఊళ్ళు తిరుగుతావా? అదీ ఒక ఉద్యోగమేనా?” అంది. “నా ఉద్యోగం జోలికి రాకు,” అని ఈవిడ గుమ్మం దిగింది. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా ఫోను లేదు, పలకరింపు లేదు. టూరులో చివరి ఊరు అక్కావాళ్ళ ఊరే. అక్కడ షో దివ్యంగా జరగాలి, ఆ సంగతి అక్క చెవిన పడాలి. మేనేజరమ్మకి అదే పంతం. షో చెడిందో, ఇక ఆ గుమ్మం తొక్కే మొహం ఉండదు.

ఇంతటి చికాకులో పుండు మీద కారంలా బాబాయి ఒకడు.

పెద్దబస్సు గిటారిస్టు దగ్గర ఒక బిళ్ళ ఉండేది, తీగలు నొక్కిపెట్టే చిన్న పట్టీ. అది లేకపోతే ఆయనకి సగం పాటలు రావు. బాబాయి దాన్ని పేపర్లు ఎగరకుండా పెట్టుకోవడానికని బదులు తీసుకుని, చిన్నబస్సు గిటారిస్టుకి అప్పజెప్పాడు. అసలాయన మొహం కందగడ్డ చేసుకుని చిన్నబస్సెక్కాడు. తన్నుకుంటారేమోనని మేనేజరమ్మ వెనకాలే పరుగెత్తింది. వెళ్ళి చూస్తే ఇద్దరూ ఒకే గిటారు మీద వంగి, ఏ తీగ తొందరగా తెగుతుందా అని వాదించుకుంటున్నారు. బిళ్ళ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

మరోసారి సాక్షాత్తూ పాప మెడలో మఫ్లరుకే ఎసరు పెట్టాడు.

“మేడమ్, గొంతులో కీచుమంటోంది. ఆ మఫ్లరు కాస్త...”

“మీరు పాడరు కదా బాబాయ్?”

“పాడకపోయినా గొంతు గొంతే కదా మేడమ్.”

ఆ మఫ్లరు చిన్నబస్సు డ్రైవరు మెడలో తేలింది. దాన్ని వెతుక్కుంటూ పాప హవాయి చెప్పులతో వచ్చి చిన్నబస్సు తలుపు కొట్టింది. లోపల పేకాట జరుగుతోంది. ఒక ఆట ఆడి వెళ్దామని కూర్చున్న మనిషి, అందరి చేతుల్లో ఓడిపోయి, మఫ్లరు అక్కడే మర్చిపోయి వచ్చింది. మర్నాడు దానికోసం మళ్ళీ వెళ్ళింది. మేనేజరమ్మ మాత్రం బాబాయిని పట్టుకుని దులిపేసింది.

“బాబాయ్, ఇదేం అలవాటండీ! ఎవరి దగ్గర తీసుకుంటే వాళ్ళకే తిరిగివ్వాలని మీకెవరూ చెప్పలేదా?”

“మతిమరుపమ్మా. వయసు,” అన్నాడు బాబాయి. పాప పాటల్లో ఏ పాటకి ఏ మలుపులో ఏ మెట్టు నొక్కాలో కాగితం చూడకుండా వాయించే మనిషి ఆయన.

టూరు చివరి ఊరు చేరింది. పెద్దబస్సు వీధిలోంచి వెళ్తుంటే మేనేజరమ్మ కిటికీలోంచి చూసి, తనలో తను అనుకున్నట్టే పైకి అనేసింది.

“ఆ నీలం గేటు మా అక్కావాళ్ళది.”

“దిగి ఒకసారి పలకరించి రాకపోయావా?” అన్నాడు బాబాయి.

“తనే రానీండి. పిలవాల్సింది పెద్దది.”

బాబాయి కాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత చెయ్యి చాచాడు. “అమ్మాయ్, నీ గొడుగు బదులిస్తావా?”

“ఇంత ఎండలో గొడుగెందుకు?”

“ఎండకే.”

సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే, గొడుగు చంకలో పెట్టుకుని దిగిపోయాడు. పోతేపోయింది పీడ అనుకుంది మేనేజరమ్మ.

మర్నాడు హాలు దగ్గర కనబడి, ఆవిడ చేతిలో ఒక ఇస్త్రీపెట్టె పెట్టాడు. “ఇది నీ దగ్గరుంచమ్మా.”

“ఎవరిదిది?”

“వాళ్ళదే,” అని వెళ్ళిపోయాడు.

ఏ వాళ్ళదో కనుక్కుందామనుకునేలోపు స్టేజీ మీంచి కేకలు వినబడ్డాయి. షోకి ముందు రెండు బ్యాండులూ చెరి కాసేపు వాయించి సౌండు సరిచూసుకోవాలి. పెద్దబస్సువాళ్ళు మొదలెట్టి, ఎత్తుబల్ల మీద డ్రమ్ములు అటు జరిపి ఇటు జరిపి, పుణ్యకాలం కాస్తా మింగేశారు. చిన్నబస్సువాళ్ళు వాయిద్యాలు భుజాన వేసుకుని అలా నిలబడే ఉన్నారు. హాలు తలుపులు తెరిచే వేళయింది.

చెల్లెలు గిటారు పెట్టెలో పెట్టేసింది. “మేం వాయించం. వెళ్ళిపోతున్నాం. ఇన్నాళ్ళూ మూలన కూర్చోబెట్టారు, నోరు మూసుకున్నాం. ఇవాళ మూల కూడా లేదు.”

“పోతే పోనివ్వండి మేడమ్,” అన్నాడు అన్న ఎత్తుబల్ల మీంచి. ఆ మాట అంటున్నప్పుడు అతని చేతిలో కర్ర జారి కింద పడింది.

హాలాయన కంగారుగా వచ్చాడు. “పోస్టరు మీద ఇద్దరి పేర్లూ వేశాం మేడమ్. ఒకళ్ళు లేకపోతే నేను తలుపులు తెరవను. షో లేదు, అంతే.”

మేనేజరమ్మ చేతిలో ఇస్త్రీపెట్టెతోనే చిన్నబస్సు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ చూస్తే అందరూ ఎక్కి కూర్చున్నారు గానీ బస్సు కదల్లేదు. డ్రైవరు జేబులు తడుముకుంటున్నాడు.

“తాళాలు బాబాయిగారు తీసుకున్నారండీ. ఏదో డబ్బా మూత తెరవాలన్నారు.”

బాబాయి అక్కడే మెట్లమీద కూర్చుని ఎవరిదో విసనకర్రతో విసురుకుంటున్నాడు. “ఎప్పుడో ఇచ్చేశానుగా! మన డ్రమ్మరు అబ్బాయికిచ్చా.”

అదే సమయానికి హాల్లోంచి అన్న గొంతు. “నా డ్రమ్ము కీ ఎవరు తీశారు?”

డ్రమ్ము చర్మం బిగించే చిన్న ఇనప ముక్క అది. అది లేకపోతే మరలు తిరగవు, డ్రమ్ము తడిసిన అట్టపెట్టెలా మోగుతుంది.

“ఇచ్చేశానుగా నాయనా! మీ చెల్లాయికిచ్చా,” అని కేకేశాడు బాబాయి.

చెల్లెలు జేబులోంచి తీసి చూసుకుంది. పొద్దున బాబాయి “కాస్త పట్టుకో తల్లీ” అని పెట్టి వెళ్ళిన ఇనప ముక్క.

“మేడమ్, మా బస్సు తాళాలు ఇమ్మని ఆయనకి చెప్పండి,” అంది కిటికీలోంచి.

“నా కీ ఇమ్మని తనకి చెప్పండి మేడమ్,” అన్నాడు అన్న హాలు గుమ్మంలోంచి.

మేనేజరమ్మ ఇద్దర్నీ చూసింది. ఇన్ని ఊళ్ళ కోపం ఒక్కసారి నెత్తికెక్కింది.

“నేను చెప్పను! ఈ ఇస్త్రీపెట్టె మోయలేక చస్తున్నా. నోళ్ళున్నాయిగా, మీరే ఏడవండి!”

అని అక్కడే ఒక స్పీకరు పెట్టె మీద కూలబడింది. ఇక తప్పక అన్న నాలుగడుగులు వేశాడు. చెల్లెలు బస్సు దిగింది.

“కీ ఇయ్యి.”

“ముందు తాళాలియ్యి.”

“ఇస్తే వెళ్ళిపోతావు.”

“వెళ్తే నీకేంటి? నేను చెప్పి వెళ్తున్నా. నీలాగా కాదు.”

“చెబితే ఏడుస్తావని చెప్పలేదే.”

“పోస్టరు చూసి నవ్వాననుకున్నావా?”

అన్న బస్సు తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు.

“తప్పేనే. ఎలా చెప్పాలో తెలీక పారిపోయా,” అన్నాడు చివరికి. “ఆ చిన్న డ్రమ్ము సరిగ్గా కుదరట్లేదు. నువ్వు బిగిస్తేనే కుదిరేది.”

“ఇన్నాళ్ళూ ఎవరు బిగించారో వాళ్ళనే అడుగు.”

“నేనే బిగించుకున్నా. అందుకే అంత దరిద్రంగా మోగుతోంది.”

“అవును, చాలా దరిద్రంగా మోగుతోంది,” అంది చెల్లెలు. నవ్వు ఆపుకుందామని చూసింది గానీ ఆగలేదు.

తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. అన్న డ్రమ్ము మీద మెల్లగా తట్టడం, చెల్లెలు మర తిప్పడం, “ఇంకాస్త”, “చాలు చాలు, తెగుద్ది” అనుకోవడం, వంటగది పక్క గదిలో ఎలా జరిగేదో అలాగే జరిగింది. అన్న తన డ్రమ్ములు తనే పక్కకి జరిపి, చిన్నబస్సు డ్రమ్మర్ని ఎత్తుబల్ల మీద కూర్చోబెట్టాడు. హాలాయన గొణుక్కుంటూ తలుపులు ఆలస్యంగా తెరిచాడు. చిన్నబస్సు చివరి పాటకి అన్న కూడా కర్రలు పట్టుకుని వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంటే, హాలు కప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా జనం అరిచారు. బస్సు తాళాలు అతని జేబులోనే ఉండిపోయాయి, ఎవరూ అడగలేదు.

పొద్దున్నే తిరుగు ప్రయాణం. సన్నగా వాన మొదలైంది. మేనేజరమ్మ ఇస్త్రీపెట్టె పట్టుకుని పెద్దబస్సులో అడిగింది, చిన్నబస్సులో అడిగింది. మాది కాదంటే మాది కాదన్నారు. అసలు ఎవరు ఏ బస్సులో ఉన్నారో కూడా ఆవిడకి అర్థం కాలేదు, అంతా కలగాపులగంగా కూర్చున్నారు.

“అమ్మాయ్, పైన నా సంచి కాస్త దింపు,” అన్నాడు బాబాయి.

దింపుతుంటే జిప్పు ఊడింది. లోపల ఛార్జరు, దువ్వెన, చెంచా, మఫ్లరు, విసనకర్ర, గొడుగు. అన్నీ ఆయన సొంతవి. అన్నీ కొత్తవి.

మేనేజరమ్మకి ఛార్జరు, బిళ్ళ, మఫ్లరు, తాళాలు, కీ వరసగా గుర్తొచ్చాయి. ఈ టూరులో బాబాయి ఏ వస్తువునీ తీసుకున్న బస్సులో తిరిగివ్వలేదు. ప్రతిదీ అవతలి బస్సుకే వెళ్ళింది. దాని వెనకాలే దాని మనిషీ వెళ్ళాడు.

“ఇవన్నీ ఉంచుకునా బాబాయ్!”

“సొంతవి వాడేస్తే అరిగిపోవూ?” అన్నాడు బాబాయి.

“మరి నా గొడుగు?”

“ఎప్పుడో ఇచ్చేశానుగా!”

“ఎవరికి?”

“ఆ ఇస్త్రీపెట్టె గలవాళ్ళకి.”

“ఈ ఇస్త్రీపెట్టె ఎవరిది?”

“నీలం గేటు వాళ్ళది,” అన్నాడు బాబాయి, కిటికీలోంచి వానని చూస్తూ. “బస్సు బయల్దేరడానికి ఇంకా టైముందిలే. డ్రైవరు తాళాలు వెతుక్కుంటున్నాడు.”

మేనేజరమ్మ సంచిలోంచి ఆయన గొడుగు లాక్కుంది. “బాబాయ్, ఇది బదులు తీసుకుంటున్నా.”

“తీసుకో, తీసుకో. నాకే తిరిగివ్వాలని ఏం లేదు.”

నీలం గేటు దగ్గర ఆవిడ గంట నొక్కి, గొంతు సవరించుకుని, ఏం మాట్లాడాలో కూడబలుక్కునేలోపే తలుపు తెరుచుకుంది. లోపల చిలక్కొయ్యకి ఆవిడ గొడుగు వేలాడుతోంది. అక్క ముందు చెల్లెలి మొహం చూసింది, తర్వాత చేతిలోది చూసింది.

“హమ్మయ్య, తెచ్చావా! మొన్నట్నుంచీ మీ బావ ముడతల చొక్కాతో ఆఫీసుకెళ్తున్నారు,” అంటూ ఇస్త్రీపెట్టె అందుకుని పక్కకి జరిగింది. “తడుస్తున్నావు, లోపలికి రావే.”