మామ చేపలు, తాత తద్దినం

ఆ రోజుల్లో అంటే ఏ రాజుల కాలమో అనుకునేరు, చేతిలో ఫోను, ఫోనులో యూట్యూబు ఉన్న రోజులే. డిగ్రీ పాసై ఎమ్మిగనూరు వీధుల్లో ఖాళీగా తిరుగుతున్న నన్ను చూడలేక అమ్మ ఆదోనికి, పత్తి వ్యాపారం చేసే తన తమ్ముడి దగ్గరికి పంపింది. మామ మండీలో గల్లాపెట్టె ముందు కూర్చుని పెద్దమనిషినైపోతానని కొత్త చొక్కాలు కుట్టించుకుని మరీ వెళ్ళాను. మామ నన్ను ఎగాదిగా చూసి, దుకాణానికి కాక పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఈశాన్యం మూల ఒక సిమెంటు తొట్టి, అందులో ఎర్ర చేపలు, గట్టు మీద ఒక తెల్ల కొంగ. మమ్మల్ని చూసి కొంగ లేవను కూడా లేదు.

"ఈటిని కాపాడు అల్లుడా. నాయన తద్దినం దాకా బతికుంటే, మర్సటి దినమే నిన్ను గల్లా మీద కూసోబెడతా" అన్నాడు మామ.

ఉల్లిపాయ తినడానికి కూడా పంచాంగం చూసే ఇంట్లో చేపలెందుకంటే, పత్తి ధర పడిపోయిన ఏడు ఒక వాస్తు సిద్ధాంతి వచ్చి, ఈశాన్యంలో నీళ్ళు, నీళ్ళలో చేపలు ఉంటే ధర లేస్తుందని చెప్పిపోయాడు. (పత్తి ధర ఎలా నిర్ణయమవుతుందో మా కామర్స్ లెక్చరరు డిగ్రీ అంతా చెప్పాడు. పాపం, ఈ తొట్టి సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.) చేప అన్న మాట మా అత్త నోట పలకదు కాబట్టి వాటిని మత్స్యమూర్తులు అనేది. శుక్రవారం వచ్చిందంటే తొట్టిలో దోసిలితో పసుపు కుంకుమలు చల్లేది, శనివారానికి కొందరు మూర్తులు వెల్లకిలా తేలేవారు, ఆ పాపం కూడా కొంగ ఖాతాలోకే పోయేది. తొట్టిలో చేప తగ్గిన రోజు మామ పత్తి అమ్మేవాడు కాదు. పైన ఒక వల కప్పితే పోయేదానికి ఇంత గొడవెందుకని అడిగాను. ఈశాన్యం నెత్తిన కప్పు పడకూడదని సిద్ధాంతి మరీ మరీ చెప్పాడట.

సరే, గల్లాపెట్టె కోసం కొంగతో యుద్ధానికి దిగాను. మొదట కొత్త ఇళ్ళకు కట్టే దిష్టిబొమ్మ ఒకటి తెచ్చి గోడకు కట్టాను. కొంగ దాని నెత్తినెక్కి, అక్కడి నుంచి తొట్టి ఇంకా బాగా కనబడుతుందని కనిపెట్టింది. తర్వాత యూట్యూబును ఆశ్రయించాను. అద్దం ముక్కలు, తళతళలాడే రిబ్బన్లు, స్పీకరులో గద్ద అరుపులు, పూట పూటకూ దీపావళికి మిగిలిన టపాకాయలు. ఈ ధాటికి కొంగ పారిపోయింది. దాని వెంట కాకులు, పిచ్చుకలు, గోరింకలు కూడా వలస పోయాయి. దోమలు తప్ప మా వీధిలో రెక్కలున్నదేదీ మిగల్లేదు. మామ నా భుజం తట్టి, గల్లా కుర్చీకి కొత్త దిండు కూడా కుట్టించాడు. నేను ఆ దిండు మీద ఒకసారి కూర్చుని చూసుకున్నాను కూడా.

తద్దినం రానే వచ్చింది. మాధవరం నుంచి పురోహితుడు వచ్చాడు, మంత్రాలయ్యాయి, వడలూ పాయసమూ అయ్యాయి. తాతకు పెట్టిన విస్తరి పెరటి గోడ మీద ఉంచారు. కాకి వచ్చి ముట్టనిదే మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. మార్కెట్లో నోరు విప్పితే నలుగురు గుమాస్తాలు పరుగెత్తుకొచ్చే మా మామ, తడి పంచెతో ఆకాశం వంక చూస్తూ కా, కా అని పిలిచాడు. ఒక్క కాకీ రాలేదు. మళ్ళీ పిలిచాడు. అత్తకు కళ్ళు తిరుగుతున్నాయి, పురోహితుడి చూపు వడల మీద నుంచి కదలడం లేదు. అప్పుడు మామ గోడంతా తళతళలాడుతున్న నా రిబ్బన్ల వైపు చూసి, మెల్లగా నా వైపు తిరిగాడు.

"మా నాయన వచ్చే దావలో టపాకాయలు కాల్చినావు కదప్పా" అన్నాడు.

అద్దాలూ, రిబ్బన్లూ, దిష్టిబొమ్మా అన్నీ నా చేతులతోనే పీకాను. ఒక్కొక్కటి ఊడుతుంటే గల్లా కుర్చీ ఒక్కో అడుగు దూరం జరుగుతున్నట్టే ఉంది. అంతా పీకి దిగానో లేదో, తెల్లగా ఏదో వచ్చి గోడ మీద వాలింది. కాకి కాదు, కొంగ. వడల వైపు కన్నెత్తి చూడలేదు. ఒక కాలు పాయసంలో వేసి, అట్నుంచి తొట్టి గట్టు మీదికి దిగింది. "కాలు తగిలింది, ముట్టినట్టే" అన్నాడు పురోహితుడు, అప్పటికే విస్తరి ముందు చేరి. ఆయన మాట పూర్తికాకముందే కొంగ అన్నింట్లోకీ పెద్ద మత్స్యమూర్తిని ముక్కున పట్టింది. మామ కట్టె అందుకున్నాడు.

అంతవరకూ అరుగు మీద కూర్చున్న మా అవ్వ, మామను కన్నతల్లి, అప్పుడు లేచింది.

"కట్టె దించు. బతికిన్నాళ్ళూ సక్కరొచ్చిందని ఆయప్ప నోటికి ఏమీ పెట్టనియ్యకపోతిరి. ఇప్పుడన్నా తిననీండ్రి."

తాత చివరి ఏళ్ళలో మిఠాయి బీరువాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నది మామే. డాక్టరు చెప్పాడనే వేశాడు, తప్పనలేం. అయినా కట్టె దించాడు. చేప కొంగ గొంతులో దిగేదాకా అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. తర్వాత అన్నానికి కూర్చున్నాం గానీ, మామ పాయసం ముట్టలేదు.

మరుసటి రోజు నాకు గల్లా దక్కింది. చేపలు బతికాయని కాదు, ఇకమీద కొంగకు చేపలు తెచ్చే పని బయటివాడికి చెప్పుకునేది కాదు గనక. వారం వారం క్యాను పట్టుకుని మాధవరం ఏటి ఒడ్డుకు పోయేవాణ్ణి. "ఏం శెట్టీ, మీ ఇండ్లల్లో కూడా మొదలుపెట్టినారా" అని చేపలాయన నవ్వేవాడు. మా తాతకు అనేవాణ్ణి. ఆ ఏడు పత్తి ధర లేచింది. సిద్ధాంతి శాలువా కప్పించుకుని పోయాడు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో నాకూ ఒక దుకాణం, నాకూ ఒక సిద్ధాంతి, మేడ మీద ఈశాన్యంలో ఒక తొట్టి. నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటాను. కొత్త చొక్కా వేసుకుని కొంగ మీద టపాకాయలు పేల్చిన ఆ కుర్రాడు కనబడితే, ఒరే, వచ్చింది ఎవరో ఒకసారి చూసుకోరా అని చెప్పాలనిపిస్తుంది. తొట్టి దగ్గరికి రోజూ ఒక తెల్ల కొంగ వస్తుంది. పోయినేడు అవ్వ పోయింది. అప్పటి నుంచి రెండు వస్తున్నాయి. చేపలు కాస్త ఎక్కువే తెస్తున్నాను.