ఎలీసమ్మ ఎత్తి చూసిన ముంత

నిన్న పొద్దున వెనక వాటాలో ఉండే సునీత అరమీది నుంచి డబ్బా దించుతుంటే లోపల గింజలు గలగలమన్నాయి. నిండా బియ్యమున్న డబ్బా అలా మోగదు. అడుగున నాలుగు గింజలుంటేనే అంత సందడి. కడప రైల్వే స్టేషన్ దగ్గర కాలేజీ పిల్లలకు మెస్ నడుపుకుంటున్నదాన్ని, పొద్దున లేస్తే బియ్యంతోనే నా బతుకు, ఆ మోతలో తేడా నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నన్ను చూడగానే సునీత డబ్బాను గబుక్కున కొంగు చాటుకు లాక్కుంది. క్రిస్మస్ ఇంకా రెండు వారాలుంది. అది ఏ డబ్బానో నాకు తెలుసు. ఏమీ అడగకుండా ఇంట్లోకి వచ్చేశాను గానీ రోజంతా చెవుల్లో ఆ గలగలే. దాని వెనకే ఎలీసమ్మ పెద్దమ్మ గొంతు కూడా వినపడుతూనే ఉంది.

మా చర్చిల్లో పిడికెడు బియ్యం అని ఒక ఆనవాయితీ ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. అది దేవుడిది. అప్పట్లో మా చర్చిలో క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారం ఆడవాళ్ళందరూ ఆ ముంతలు మోసుకొచ్చి, ముందు పరిచిన దుప్పటి మీద ఒకరి తర్వాత ఒకరు బియ్యం పోసేవాళ్ళు. పండగనాటి మధ్యాహ్నం ఆ బియ్యంతోనే అందరికీ ప్రేమవిందు. ఇంట్లో ఎంత కటకటగా ఉన్నా ఆ ముంత జోలికి ఎవరూ పోరు. పోయినదాన్ని నేనే.

రెండువేల నాలుగో, అయిదో. మాది పత్తికొండ వైపు పల్లె. మా ఆయన డానియేలు సిమెంటు లారీ డ్రైవరు కావడంతో ఎర్రగుంట్ల చేరి, వరసగా ఉన్న నాలుగు గదుల్లో ఒకటి బాడుగకు తీసుకున్నాం. పక్క గది ఎలీసమ్మది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఉన్న ఒక్క కూతుర్ని ప్రొద్దుటూరులో ఇచ్చింది. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. చర్చిలో ప్రేమవిందు వంట కూడా ఆమె చేతి మీదే నడిచేది. పొట్టి మనిషి, గట్టి మాట. డబ్బును నేను మా ఊరి అలవాటున దుడ్లు అంటే నవ్వేది. ఆమె లెక్క అనేది. ఏ పేరుతో పిలిచినా అది మా ఇద్దరి దగ్గరా ఉండేది కాదు.

ఆమె పొదుపు చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. గంజి పారబోసేది కాదు, అగ్గిపుల్ల దండగని నా పొయ్యిలోంచే నిప్పు పట్టుకుపోయేది. అయినా బడిలో అన్ని బస్తాల మధ్య తిరిగే మనిషి ఇంటికి ఒక్క గింజ తెచ్చేది కాదు. బడి గడప దాటేముందు నిలబడి కొంగు దులిపేది, మడతల్లో ఏమైనా చిక్కుకున్నాయేమోనని. ఇంత చాదస్తమేమిటి, మిగిలింది తెచ్చుకుంటే ఎవరడుగుతారని ఒకసారి ఆటపట్టించాను. "అది పిల్లకాయలదిమ్మే, మనది గాదు" అని తలుపు వేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఏడు అక్టోబరు చివర్లో మా ఆయన లారీ మీద టార్పాలిన్ పట్ట కడుతూ జారిపడ్డాడు. కాలు విరిగింది. లారీ ఎక్కితేనే జీతం, ఎక్కకపోతే లేదు. కట్టు కట్టించి మంచంలో పడుకోబెట్టాం. ఎనిమిదేళ్ళ స్టెల్లా, ఆరేళ్ళ గ్రేసీ, నేను. నాకు రోషం జాస్తి. అన్న దగ్గర చేయి చాపను, అంగట్లో అప్పు పెట్టను అని భీష్మించుకుని కూర్చున్నాను. రోషం పొయ్యి మీద పెడితే ఉడకదని తెలుసుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

పదహారో రోజు ఎలీసమ్మ మా గడప మీద కూర్చుంది. ఇంట్లో ఏమేమి లేవో అడుగుతుందని, జాలి పడుతుందని, దానికి నేనేమి బదులు చెప్పాలోనని ముందే మూతి ముడుచుకున్నాను. ఆమె అదేమీ అడగలేదు. "ఇంట్లో ఏమేముండాయో చెప్పు" అంది. చెప్పడం మొదలుపెడితే నాకే ఆశ్చర్యమేసింది. ధర పడిపోయిందని మా అన్న పత్తికొండ నుంచి బస్సులో వేసి పంపిన గంపెడు టమాటాలున్నాయి, పాడైపోతాయని వాటిని వాళ్ళకూ వీళ్ళకూ పంచేద్దామనుకుంటున్నాను. ఆమె ఆ సాయంత్రమే వాటిని కోయించి, ఉప్పు రాయించి, మిద్దె మీద ఆరబెట్టించింది. ఎర్రగుంట్లలో ఆరబెట్టిన దేనిమీదైనా సిమెంటు దుమ్ము పడుతుంది కాబట్టి పైన పాత వాయిలు చీర కప్పింది. ఆ వరుగులతో సంక్రాంతి దాటేదాకా పులుసు పెట్టుకున్నాం.

పిల్లలకు పండగ గుడ్డలెట్లా అని నేను గింజుకుంటుంటే పెట్టెలోంచి నా పెళ్ళి చీర తీయించింది. ఏడ్చాను. అమ్మ కొనిపెట్టిన చీర అది. "పెట్టెలో ఉంటే పురుగులు కట్టుకుంటాయి. పిల్లోళ్ళు కట్టుకుంటే ఏమి?" అని కత్తెర నా చేతికిచ్చి తను బయటికి పోయింది. ఇద్దరికీ జరీ అంచు గౌన్లు వచ్చాయి. ఇంటి ముందు కట్టే నక్షత్రం వెదురుపుల్లలకు పాత క్యాలెండరు కాగితాలు అంటించి చేశాం. లోపల బల్బు వెలిగితే తేదీలన్నీ తలకిందులుగా కనపడేవి. స్టెల్లా వాటిలో ఇరవై అయిదు ఎక్కడుందో వెతుక్కునేది. నాకూ కొంచెం ధైర్యమొచ్చింది. ఎవరి ముందూ చేయి చాపకుండా ఈ పండగ దాటేస్తాననుకున్నాను.

సెలవుల సంగతి మరిచిపోయాను. బడి ఉన్న రోజున పిల్లలు మధ్యాహ్నం బడిలోనే తినేవాళ్ళు కదా. డిసెంబరు రెండో శనివారం బడి లేదు, మర్నాడు ఆదివారం. రాగిపిండి శుక్రవారమే అయిపోయింది, కోటా బియ్యం ఇంకా రాలేదు. శనివారం మధ్యాహ్నం గ్రేసీ వచ్చి కంచం ముందు పెట్టుకుని పొయ్యి ఎదురుగా కూర్చుంది. అన్నం అడిగి ఉంటే విసుక్కునేదాన్నేమో, అది అడగలేదు. ముంత దించాను. కోటా బియ్యం రాగానే మళ్ళీ పోస్తాను ప్రభువా అని మాటిచ్చి, సగానికి తక్కువే తీశాను. ఆదివారం ఇంకొంచెం తీశాను. సోమవారం పొద్దున చేయి ముంత అడుగుకు తగిలింది. పిల్లలు ఎంత ఇష్టంగా తిన్నారో! నాకు మాత్రం ఒక్క ముద్ద దిగలేదు.

ఆ సాయంత్రమే ఎలీసమ్మ ముంతలు చూడటానికి బయలుదేరింది. ఏటా అంతే. ఆ ఆదివారానికి ముందే అందరిళ్ళకూ తిరిగి, ముంతను చేత్తో ఎత్తి చూసి, విందుకు ఎన్ని శేర్లు వస్తాయో లెక్క వేసుకునేది. తక్కువ పడేటట్టుంటే ఆ అన్నంలోకి ఏం కలపాలో ఆలోచించుకునేది. నా దగ్గరికి వచ్చేసరికి నేను ముంతకు అడ్డంగా నిలబడి, ఆదివారం నేనే తెస్తాలే పెద్దమ్మా అన్నాను. ఆమె నన్ను పక్కకు జరిపి ముంత ఎత్తింది. ఎత్తినంత నెమ్మదిగా దించింది. పక్కింటికి పోయింది.

బడి బియ్యం ఒక్క గింజ ముట్టని మనిషి. దేవుడి బియ్యం తిన్నదాన్ని ఏమనుకుంటుంది? చర్చిలో చెబుతుందా? పొయ్యే పరువు ఎట్లాగూ పోతుంది, నా నోటితోనే చెబుదామని ఆమె ఇంటికి తిరిగొచ్చేదాకా కాచుకుని గదిలోకి వెళ్ళాను. ఆమె చాటలో పప్పు వేసుకుని రాళ్ళు ఏరుతోంది.

"పెద్దమ్మా, ముంతలో ఏమీ ల్యా" అన్నాను.

తల ఎత్తలేదు. "ఎవరు తినిరి?"

"పిల్లోళ్ళు."

"కడుపు నిండా తినిరా?"

తిన్నారన్నాను. ఆమె ఇంకో రాయి ఏరి పక్కన పెట్టింది. "మరింకేమ్మే. ప్రేమవిందుకు దాచిన బియ్యమే గదా. నీ పిల్లోళ్ళు పన్నెండు దినాలు ముందు తినిరి, అంతే."

అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మా ఆయన కాలు విరిగిన నాడు కూడా అంత ఏడవలేదు. ఏడ్చి తేలికపడ్డాక, అలుసు దొరికింది కదా అని ఇంకో మెట్టెక్కాను. ఒక్క శేరు బియ్యం ఇవ్వు పెద్దమ్మా, ఆదివారం పోసేస్తాను, నలుగురిలో పరువు నిలబడుతుంది అన్నాను. అప్పుడు ఎత్తింది తల.

"నా బియ్యం పోస్తే నాదే అయితాది. అబద్ధం పొయ్యొద్దు. ఇంకా అయిదు దినాలుండాది. రేపు కోటా బియ్యం ఇస్తాండారంట. వండిన పూట పిడికెడు తియ్. ఎంతయితే అంత తే."

నాకు ఒళ్ళు మండిపోయింది. శేరు బియ్యం ఇవ్వలేని ముసలిది నాకు నీతులు చెబుతుందా అని గొణుక్కుంటూ వచ్చేశాను. గంట గడవకముందే మా తలుపు దగ్గర సంగటి గిన్నె, పైన పప్పు. "ఇది తినేదానికి. ముంతలో పోసేదానికి గాదు" అని పెట్టేసి పోయింది. ఆ రెంటికీ తేడా ఏమిటో ఆ పూట నాకు తెలియలేదు. మెతుకు మిగల్చకుండా తిన్నాం.

మంగళవారం కోటా బియ్యం వచ్చాయి. రోజుకు ఒక్కపూటే అన్నం. అయిదు రోజులు, అయిదు పిడికిళ్ళు. ఆదివారం వరసలో నా ముందు నిలబడ్డామె ముంతను రెండు చేతులతో మోస్తోంది, నాది ఒంటిచేత్తో ఊగుతోంది. దుప్పటి పక్కన ఎలీసమ్మ గొంతుకూర్చుని రాశి సర్దుతూ, పోసిన ప్రతి ఒక్కరికీ "ముట్టిందమ్మా" అంటోంది. నా వంతు వచ్చింది. వంచీ వంచగానే అయిపోయింది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎలీసమ్మ ఆ కాసిన్ని గింజలనూ అరచేత్తో రాశిలోకి నెట్టి, అందరికీ అన్న గొంతుతోనే, ఒక్క రవ్వ ఎక్కువా తక్కువా లేకుండా "ముట్టిందమ్మా" అంది. ఆ మాట విన్నాక వెనక్కి తిరిగి నడవడం నాకు కష్టమనిపించలేదు.

పండగనాడు ఆరాధన అయ్యాక బంతులు కూర్చున్నాయి. జరీ గౌన్లు వేసుకుని మా ఇద్దరు పిల్లలూ మొదటి బంతిలో కూర్చున్నారు. మా ఆయన కర్ర ఊతంతో వచ్చి గోడవార చేరాడు. నేను వెనకెక్కడో సర్దుకుంటుంటే ఎలీసమ్మ పిలిచి అన్నం గరిటె నా చేతిలో పెట్టింది. ఆ గరిటె ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. మా పిల్లల విస్తళ్ళ దగ్గరికి వచ్చేసరికి కొంచెమే పెట్టాను. పక్కనే పప్పు వడ్డిస్తున్న ఆమె నా చెవిలో, "ఏమ్మే, ఒకసారి తినిరి గదా అని తక్కువ పెడ్తాండావా? రెండోసారి నిండుగా పెట్టు" అంది. ఏడుస్తూ నవ్వాను. ఆ రోజు ఆఖరి బంతి దాకా గరిటె కింద పెట్టలేదు.

అలా పట్టిన గరిటె ఇప్పటికీ నా చేతిలో ఉంది. ఆ తర్వాత ఆమె వెంట బడి వంటకు పోయాను, అక్కడినుంచి పెళ్ళి వంటలకు, చివరికి ఈ మెస్‌కు. ఎలీసమ్మ కూతురి దగ్గరికి ప్రొద్దుటూరు వెళ్ళిపోయి, అక్కడే కన్నుమూసి ఆరేళ్ళయింది. ముంత నాకు నిండుగా ఇచ్చి ఉంటే అప్పుడే మరిచిపోయేదాన్ని. ఆమె ఇచ్చింది ఆ ప్రశ్న. ఎవరైనా తప్పు చేసి నా ముందు నిలబడితే, ఎందుకు చేశావని అడిగేముందు ఎవరు తిన్నారని అడగడం నాకు అలవాటైపోయింది.

ఈ పొద్దున సునీత తలుపు కొట్టాను. మొగుడు చేసే రాయి పాలిష్ పని నెలగా నడవడం లేదని, మనిషి ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలుసు. లోపలికి పోయి, అరమీది డబ్బా దించి ఎత్తి చూశాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఎవరు తినిరి?" అన్నాను.

"పాప, అక్కా" అంది, వినపడీ వినపడకుండా.

ఆ తర్వాత ఏమనాలో నాకు కొత్తగా వెతుక్కునే పని లేదు, అంతా ఆమె నేర్పిందే. మెస్ నుంచి వేడన్నం, పప్పు గిన్నెడు తెచ్చిపెట్టి, ఇది తినడానికి, డబ్బాలో పోయడానికి కాదని చెప్పాను. సునీత అర్థం కానట్టు చూసింది, బహుశా కొంచెం కోపంగా కూడా. మధ్యాహ్నానికి కోటా బియ్యం తెచ్చుకున్నట్టుంది, ఆమె కిటికీ పక్కనుంచి వస్తుంటే లోపల ఎసరు కాగుతున్న చప్పుడు, ఆ వెంటనే ఇంకో చప్పుడు. ఖాళీ డబ్బాలో మొదటి పిడికెడు పడితే ఎంత గట్టిగా మోగుతుందో మరిచిపోయాను.